నాన్న పార్టీయే నా పార్టీ అయిందా?

ప్రశ్న: ఒక నాయకుడు టీవీలో కనబడగానే మా నాన్న టీవీ సౌండు తగ్గించేసేవారు. నాకిప్పుడు 30 ఏళ్లు. మొన్న అదే పార్టీ మనిషి కనబడితే నా చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి వెళ్లింది. ఆయన నోరైనా విప్పలేదు! ఇది నా అభిప్రాయమేనా?

జవాబు: 1965లో అమెరికాలో జెన్నింగ్స్, నీమీ అనే పరిశోధకులు హైస్కూలు ఆఖరి ఏడాది పిల్లల్నీ, తల్లిదండ్రుల్నీ వాళ్ల రాజకీయ అభిప్రాయాలు విడివిడిగా అడిగారు. పార్టీ అభిమానం బాగానే కలిసింది. మిగతా చాలా విషయాల్లో పోలిక తక్కువే.

జవాబు: మా అమ్మది ఒక పార్టీ, నాన్నది ఇంకోటి. భోజనాల దగ్గర రోజూ వాదనే. నాకు ఏదీ అంటుకోలేదు.

ప్రశ్న అడిగిన నేనే: నిన్న ఆ పార్టీ మనిషి ప్రసంగం మొత్తం విన్నాను. రెండు మాటలు నచ్చాయి. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "ఏ రెండు?" అన్నారు.