బీరాంగన అంటే వీరనారేనా?

ప్రశ్న: బంగ్లాదేశ్ 1971 యుద్ధం గురించి చదువుతుంటే ‘బీరాంగన’ అనే మాట తరచుగా వస్తోంది. ఇది మన వీరాంగనేనా? తెలుగులో వీరనారి అని రాసేయొచ్చా?

జవాబు: మాట అదేనండి. మన వకారాన్ని బెంగాలీలు బకారంగా పలుకుతారు. కానీ వీరనారి అని మాత్రం దయచేసి రాయకండి. వీరనారి అనగానే మనకు రుద్రమ, ఐలమ్మ గుర్తొస్తారు, అంటే ఎదురు తిరిగి నిలబడ్డవాళ్లు. అక్కడ బీరాంగన అంటే ఆ తొమ్మిది నెలల యుద్ధంలో పాకిస్తాన్ సైనికులూ వాళ్లకు తోడైన స్థానికులూ చెరిచిన స్త్రీ. అలాంటివాళ్లు 2 లక్షల మంది అని ఆ దేశం చెప్పే లెక్క.

వీళ్లను సమాజం వెలివేయకూడదని ముజిబుర్ రెహమాన్ ప్రభుత్వం ఈ బిరుదు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. జనం మాత్రం గుడిదీర్ఘం తీసి దీర్ఘం పెట్టి ‘బారాంగన’ అన్నారు. అంటే మన వారాంగన, వేశ్య అని. దాంతో చాలామంది ఆ బిరుదును దాచుకునే బతికారు. శిల్పి ఫిర్దౌసీ ప్రియభాషిణి తన పేరుతో బయటికొచ్చి మాట్లాడడానికి 1990ల చివరిదాకా పట్టింది. ప్రభుత్వం బీరాంగనలను ‘ముక్తియోద్ధ’లుగా, అంటే విముక్తి యోధులుగా గుర్తించడం 2015లో మొదలైంది.

వ్యాఖ్య: మరి తుపాకీ పట్టిన ఆడవాళ్లను ఏమంటారు?

జవాబు: వాళ్లూ ముక్తియోద్ధలే. కురిగ్రామ్ ప్రాంతపు తారామన్ బీబీ చిన్నపిల్లగా దళానికి వంట చేయడానికి వెళ్లింది. అక్కడే ఆయుధం పట్టడం నేర్చుకుంది, శత్రువుల శిబిరాల ఆనుపానులు కూడా కనిపెట్టి వచ్చేది. 1973లో ‘బీర్ ప్రతీక్’ పురస్కారం ప్రకటించారు. ఆ సంగతి ఆమెకు చేరింది 1995లో! ఇరవై రెండేళ్లు ఒక్కరూ వెతకలేదంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. యుద్ధం తర్వాత శౌర్య పురస్కారాలు 676 ఇస్తే ఆడవాళ్లకు దక్కినవి రెండే. రెండోది త్రిపురలో యుద్ధ ఆస్పత్రి నడిపిన డాక్టర్ సితారా బేగంకు.

వ్యాఖ్య: మన సైన్యంలో అమరుడైన జవాను భార్యను ‘వీర్ నారీ’ అంటారు. అదీ ఇలాంటిదేనా?

జవాబు: మంచి మాట పట్టుకున్నారు. సందర్భం వేరు, కానీ అక్కడా ఆమె చేసిన పనికి కాదు, ఆమెకు జరిగిన నష్టానికి ఇచ్చిన పేరే. బంగ్లాదేశ్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. తారామన్‌ను బీరాంగన అని రాస్తే ఆమె చేసిన యుద్ధం చెరిగిపోతుంది. బీరాంగనను వీరనారి అని రాస్తే ఆమె మీద జరిగిన నేరం కనబడదు. అందుకే నేనైతే తారామన్‌ను ‘విముక్తి యోధురాలు’ అంటాను. రెండోచోట ‘బీరాంగన’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక వాక్యంలో అర్థం చెబుతాను.