మా వీధి సర్కారు బడిలో 6, 7, 8 తరగతులకు కలిపి 65 మందే: అమ్మాయిని చేర్చవచ్చా?

సికింద్రాబాద్ తల్లి

మా అమ్మాయి ఐదో తరగతి పూర్తి చేస్తోంది. ఇప్పుడు చదివే ప్రైవేటు బడిలో ఒక్కో సెక్షన్‌కు యాభై మంది. మా వీధి చివర ప్రభుత్వ ప్రాథమికోన్నత పాఠశాల ఉంది, నడిస్తే ఏడు నిమిషాలు. అక్కడ ఆరు నుంచి ఎనిమిది దాకా కలిపి 65 మంది, ఆరో తరగతిలో 19 మందే. మా వారు, మా అత్తగారు ససేమిరా అంటున్నారు. "బాగుంటే అంత తక్కువమంది ఎందుకు ఉంటారు?" అని అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

పోయిన వారం వెళ్లి చూశాను. ఏడో తరగతిలో ఒక పాప గణితం పుస్తకం తెరిచి కూర్చుంది. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. టీచరు ప్రశ్న అడిగితే తెలుగు పేజీ మీద వేలు పెట్టి చదువుకుని, ఇంగ్లీషులో జవాబు చెప్పబోయి తడబడింది. టీచరు ఆగి, ఆ వాక్యాన్ని ఆ పాప చేతే పూర్తి చేయించారు. మా అమ్మాయి కోసం ఇన్నేళ్లలో ఎవరైనా అలా ఆగారా అని ఆలోచిస్తూ ఇంటికి వచ్చాను. అనుభవం ఉన్నవారు చెప్పండి.

కూకట్‌పల్లి తండ్రి

మీ వారి మాటే నా మాట. పేరుకు 19 మంది, అందరూ రోజూ వస్తారా? పండగల ముందు, పెళ్లిళ్ల రోజుల్లో సగం గది ఖాళీగా ఉంటే టీచరు కొత్త పాఠం మొదలుపెట్టరు. పక్కన పోటీపడే పిల్లలు లేకపోతే బాగా చదివే పిల్ల కూడా నెమ్మదిస్తుంది. ఎనిమిది అయ్యాక తొమ్మిదికి మళ్లీ బడి వెతకాలి, సరిగ్గా పదో తరగతి ముందు. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మాయి పెద్దదయ్యే వయసు. మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయో లేదో చూశారా? తలుపుకు గడియ ఉందా? నేనైతే తరగతి గది కంటే ముందు అదే చూస్తాను.

విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

అమ్మా, సర్కారు బడుల్లో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పాను, అందులో తొమ్మిదేళ్లు మీ వీధిలో ఉన్నలాంటి ప్రాథమికోన్నత పాఠశాలల్లోనే (యూపీఎస్). మీరు పిల్లలను లెక్కపెట్టారు. టీచర్లను లెక్కపెట్టండి, అదీ సబ్జెక్టుల వారీగా.

విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. పిల్లలు ఎంత తక్కువున్నా తరగతికి ఒకరు తగ్గకూడదు. వారిలో సైన్సు, గణితానికి ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు ఉండాలి. అంటే ముగ్గురుంటే చాలు, కాగితం మీద చట్టం నెరవేరినట్టే. కానీ తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఒక్కరే చెబితే ఏ భాషకు న్యాయం జరుగుతుంది? లెక్కల టీచరు జీవశాస్త్రం చెబితే ఎలా ఉంటుందో నాకు తెలుసు, నేను చెప్పాను. పువ్వు భాగాలను బోర్డు మీద గీసి పేర్లు రాయించాను. బడి ఆవరణలోనే మందార చెట్టు ఉన్నా ఒక్క పువ్వు కోసి పిల్లల చేతికి ఇవ్వలేదు. ఇప్పటికీ అది బాధగానే ఉంటుంది.

కాబట్టి "ఎంతమంది టీచర్లు?" అని అడగకండి. ఆరో తరగతి టైంటేబుల్ చూపించమనండి. ఒక్కో పీరియడ్ ఎవరిదో కనుక్కోండి. ఆ టీచరు ఈ బడిలోనే ఉన్నారా, డిప్యుటేషన్ మీద వేరే బడికి వెళ్లారా అని అడగండి.

తక్కువమంది ఉండడం పిల్లకు మంచిదే. పందొమ్మిది మంది గదిలో రుణ సంఖ్యలు ఎవరికి అర్థం కాలేదో ముఖం చూస్తే తెలిసిపోయేది. అరవై మంది గదిలో వెనక బెంచీ పిల్లల పేర్లు తెలిసేసరికి దసరా వచ్చేది. చిన్న బడికి అసలు గండం రేషనలైజేషన్, అంటే పిల్లల సంఖ్యను బట్టి టీచరు పోస్టులను సర్దడం. పిల్లలు తగ్గితే పోస్టు పోతుంది, పోస్టు పోతే ఇంకొందరు వెళ్లిపోతారు. అందుకే గత నాలుగేళ్ల సంఖ్య అడగండి. 90 నుంచి దిగిన 65 వేరు, 40 నుంచి ఎక్కిన 65 వేరు. ప్రతి బడికీ 11 అంకెల గుర్తింపు సంఖ్య, అంటే యూడైస్ కోడ్, ఉంటుంది. దానితో కేంద్ర విద్యాశాఖ వెబ్‌సైటులో పిల్లల సంఖ్య, టీచర్ల సంఖ్య, మరుగుదొడ్ల వివరాలు ఎవరైనా చూడవచ్చు. అవి బడి ఇచ్చుకున్న లెక్కలే కాబట్టి, చూశాక కూడా ఒకసారి వెళ్లి సరిపోల్చుకోండి.

వరంగల్ నాన్న

గురువు గారిపై గౌరవంతోనే చెబుతున్నాను. ఆయన చెప్పినవన్నీ నేను జూన్‌లో అడిగాను. టైంటేబుల్ చూశాను, లెక్కల సారుతో మాట్లాడాను, బాబును ఆరులో చేర్చాను. సెప్టెంబరులో ఆ సారును సర్దుబాటు కింద వేరే బడికి పంపారు. మాకు ఎవరూ చెప్పలేదు. సంక్రాంతి సెలవుల్లో నోటుపుస్తకం తిరగేస్తే తెలిసింది. సెప్టెంబరు 11 దాకా ప్రతి పేజీలో ఎర్ర సిరా, తేదీ, పొట్టి సంతకం ఉన్నాయి. ఆ తర్వాత ఒక్క గీత లేదు. భిన్నాల అధ్యాయంలో వాడు చేసిన తప్పే ఏడు లెక్కల్లో చేసుకుంటూ పోయాడు, దిద్దేవారు లేరు. మరుసటి ఏడాది ప్రైవేటుకు మార్చాను. నేను అప్పు చేసి ఫీజు కడుతున్నాను, అది కూడా నిజమే. బడి మంచిదా కాదా అన్నది జూన్‌లో తేలే సంగతి కాదు.

విజయవాడ తల్లి

మా అబ్బాయి మున్సిపల్ బడిలోనే ఎనిమిది పూర్తి చేశాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు పెట్టే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష ఎన్‌ఎంఎంఎస్‌లో ఎంపికయ్యాడు. తొమ్మిది నుంచి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రభుత్వ సాయం (ఎయిడ్) లేని ప్రైవేటు బడి పిల్లలకు ఇది రాసే అర్హత లేదు.

మీరు చూసిన బడిలో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఎంతమంది ఆ పరీక్ష రాశారో అడగండి. ఎంపికైనవారి సంఖ్య ముఖ్యం కాదు. దరఖాస్తుకు ఆదాయ ధ్రువపత్రం కావాలి, తల్లిదండ్రుల వెంటపడాలి, బడి అయ్యాక కూర్చోబెట్టి చదివించాలి. అంత ఓపిక ఉన్న టీచర్లు ఉంటే రాసినవారి సంఖ్యలోనే తెలిసిపోతుంది.

విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు

వరంగల్ నాన్న గారూ, మీ బాబు విషయంలో జరిగింది తప్పే. నేను సమర్థించను. అమ్మా, ఆయన అనుభవం నుంచే ఒక పరీక్ష తీసుకోండి. ఇప్పుడు ఏడాది చివర కాబట్టి ఎనిమిదో తరగతి పిల్లల నోటుపుస్తకాలు అడిగి దిద్దిన తేదీలు చూడండి. జూన్‌లో అడిగితే కొత్త పుస్తకాలే ఉంటాయి.

సికింద్రాబాద్ తల్లి

ఈ రోజు మా వారిని కూడా తీసుకువెళ్లాను. ఒంటిపూట బడులు కాబట్టి పన్నెండున్నరకు భోజనం పెట్టారు, అది అయ్యేదాకా ఉన్నాం.

ముగ్గురు పిల్లల పుస్తకాలు చూశాం. గణితంలో జూలై నుంచి మార్చి దాకా ఎర్ర సిరా ఉంది, ఎక్కడా రెండు వారాలకు మించి ఖాళీ లేదు. జీవశాస్త్రంలో మాత్రం రెండు అధ్యాయాలు అసలు రాయలేదు. ప్రధానోపాధ్యాయురాలిని అడిగితే దాచలేదు. ఆ పోస్టు ఖాళీగా ఉంది, ప్రాథమిక తరగతుల టీచరు చెబుతున్నారు అన్నారు. నాలుగేళ్ల కింద 58 మంది, ఇప్పుడు 65. ఎన్‌ఎంఎంఎస్ పరీక్షను 22 మందిలో 14 మంది రాశారు. ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ ఉంది, నీళ్లు ఉన్నాయి, కానీ మూడింటిలో ఒకదానికి తాళం వేసి ఉంది.

మా వారు ఏమీ మాట్లాడలేదు. అన్నం తింటున్న ఆరో తరగతి పిల్లల దగ్గర కూర్చుని ఒక్కొక్కరి పేరూ, ఇల్లు ఎక్కడో అడిగారు. ఇంటికి వచ్చాక "సరే, ఒక ఏడాది చూద్దాం" అన్నారు. టీసీకి రేపే దరఖాస్తు పెడదామనుకుంటున్నాను.

కూకట్‌పల్లి తండ్రి

మీరు చూసినంత జాగ్రత్తగా నేను నా పిల్లల బడి చూడలేదు, ఒప్పుకుంటాను. అయినా నా అభిప్రాయం మారలేదు. ఒక్క మాట వినండి, టీసీ ఇప్పుడే తీసుకోకండి. వేసవిలో బదిలీలు జరిగితే ఆ లెక్కల టీచరు ఉంటారో లేదో. బడి తెరిచాక చూసి చేర్చండి. టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి చేర్చుకోకపోవడానికి వీల్లేదు, చట్టంలోనే ఉంది.

సికింద్రాబాద్ తల్లి

మంచి మాట చెప్పారు, జూన్ దాకా ఆగుతాను. ఇంకొకటి. యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. అమ్మాయిని చేర్చిన రోజే నా పేరు ఇస్తానని మేడమ్‌కు చెప్పాను. కమిటీలో అడగాల్సినవి రాసుకున్న నా కాగితంలో జీవశాస్త్రం పోస్టు, తాళం వేసిన ఆ మరుగుదొడ్డి మొదటి రెండు.