లాడ్జి ఫైర్ అలారం: ప్యానెల్‌లో పచ్చదీపం వెలుగుతోంది, చాలదా?

తిరుపతి లాడ్జి మేనేజర్:

రైల్వే స్టేషన్‌కు దగ్గరలో మాది నాలుగంతస్తుల లాడ్జి, 42 గదులు. ఫైర్ అలారం 2011లో పెట్టించాం. పాత తరహా ప్యానెల్, అంతస్తుకొక జోను. పోయిన వారం అగ్నిమాపక అధికారి వచ్చి లాగ్ బుక్ అడిగారు. ఏఎంసీ (ఏడాది నిర్వహణ కాంట్రాక్టు) బిల్లుల ఫైలు చూపించాను. ‘‘డబ్బు కట్టిన సంగతి కాదు, ఏ నెలలో ఏ డిటెక్టర్‌ను పరీక్షించారో చూపించండి’’ అన్నారు. ఆ పుస్తకమే మా దగ్గర లేదు. నెల గడువు ఇచ్చి వెళ్లారు.

ఏఎంసీ వారిని పిలిస్తే రూల్స్ మారాయి, పాత ప్యానెల్ చెల్లదు, మొత్తం అడ్రసబుల్ సిస్టమ్‌కు (ప్రతి డిటెక్టర్‌కూ విడి నంబరు ఉండేది) మార్చాలి అంటూ నాలుగున్నర లక్షల కొటేషన్ చేతిలో పెట్టారు. మా యజమాని అది చదివి మజ్జిగ తెప్పించుకున్నారు.

దాచకుండా ఇంకో మాట కూడా చెప్పాలి. యాత్రికులు గదుల్లో కర్పూరం వెలిగిస్తారు, అగరొత్తులు కట్టకు కట్ట అంటిస్తారు. సుప్రభాతానికి వెళ్లేవారు అర్ధరాత్రి వేడినీళ్ల స్నానం చేసి తలుపు తీయగానే ఆవిరి బయటికొస్తుంది, అలారం మోగుతుంది. పిల్లలతో సహా గుండ్లు చేయించుకుని అలసి పడుకున్నవారంతా కిందికి వచ్చి నన్ను నిలదీస్తారు. అందుకని మా కుర్రాళ్లు కొన్ని డిటెక్టర్లకు లడ్డూ కవర్లు తొడిగి రబ్బరు బ్యాండు వేశారు. తప్పేనని తెలుసు. మూడో అంతస్తులో మాత్రం కవర్లు లేకపోయినా ఏడాదిగా ఒక్క తప్పుడు అలారం రాలేదు. ప్యానెల్‌లో అన్ని జోన్లకూ పచ్చదీపమే. అంటే సిస్టమ్ బాగున్నట్టే కదా? అంత ఖర్చు పెట్టాలా?

చిత్తూరు టెక్నీషియన్:

మేనేజర్ గారూ, మీరు రాసిన వాటిలో నన్ను భయపెట్టింది లడ్డూ కవర్లు కాదు, మూడో అంతస్తు. ఆ అంతస్తులో దిగేవారు కర్పూరం వెలిగించరా, స్నానం చేయరా?

ఈ రాత్రే ఒక పని చేయండి. అక్కడి డిటెక్టర్ ఒకటి తిప్పి ఊడదీయండి. ప్యానెల్‌లో పసుపు ఫాల్ట్ దీపం వెలగాలి. వెలగకపోతే ప్యానెల్ తలుపు తెరిచి ఆ జోన్ టెర్మినళ్లు చూడండి. పాత తరహా సిస్టమ్‌లో ప్రతి జోను తీగకూ చిట్టచివర, ఆఖరి డిటెక్టర్ దగ్గర, బియ్యపు గింజంత రెసిస్టర్ ఒకటి ఉంటుంది. దాని గుండా తిరిగొచ్చే కాస్త కరెంటును చూసుకుని తీగ ఎక్కడా తెగలేదని ప్యానెల్ నమ్ముతుంది. తీగ తెగినప్పుడు వెతికే ఓపిక లేనివాడు అలాంటి రెసిస్టర్‌నే తెచ్చి ప్యానెల్ టెర్మినళ్లకు బిగించి వెళ్లిపోతాడు. ప్యానెల్ పచ్చగా నవ్వుతూ ఉంటుంది, పైన గదులకు కాపలా ఉండదు. నా 19 ఏళ్ల పనిలో ఒక కల్యాణ మండపంలో, ఒక నర్సింగ్ హోమ్‌లో ఈ నిర్వాకం కళ్లారా చూశాను.

కొటేషన్ సంగతి. ఏ రూలు, ఏ క్లాజు మారిందో దాని మీదే రాసి సంతకం పెట్టమనండి. మనం చూడవలసింది ఫైర్ అలారాల భారత ప్రమాణం ఐఎస్ 2189, 2008 నాటి సవరణ. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లోని నాలుగో భాగం. భవనం ఎత్తు, వాడకం బట్టి కావలసినవి మారతాయి కనుక ముందు మీ ఎన్వోసీలో (అగ్నిమాపక శాఖ ఇచ్చిన అనుమతి పత్రంలో) ఏం రాశారో చదవండి. అడ్రసబుల్ మంచిదే, ఏ గదిలో పొగ వచ్చిందో చెబుతుంది. నా ఉద్దేశంలో రెండేళ్లలో దానికి మారడమే మేలు. కానీ లడ్డూ కవరు తొడిగితే అదీ గుడ్డిదే.

ఈ నెలలో ఉన్నదాన్ని నిలబెట్టండి. ప్రతి డిటెక్టర్‌నూ టెస్ట్ స్ప్రేతో పరీక్షించి, తేదీ, గది నంబరు పుస్తకంలో రాయండి. అగరొత్తు పొగ పెట్టకండి, లోపల జిడ్డు పట్టేస్తుంది. 2011 నాటి డిటెక్టర్లలో దుమ్ము, పురుగులు చేరి ఉంటాయి, సగం తప్పుడు అలారాలకు అదే కారణం. బాత్రూం తలుపు ఎదుట ఉన్నవాటిని దూరంగా జరిపించండి. బ్యాటరీలు కూడా చూడాలి. ప్యానెల్ సప్లై ఆపితే అవి 24 గంటలు నిలిచి, ఆ తర్వాత అరగంట అలారం మోగించాలి. జనరేటర్ ఉంది కదా అనుకోకండి, మంట రేగితే ముందు ఆపేది మెయినే. చివరిగా, గది తలుపు మూసి దిండు దగ్గర శబ్దం కొలవండి. నిద్రపోయేవారికి 75 డెసిబెళ్లు కావాలి.

గాంధీ రోడ్డు వ్యాపారి:

ఇవన్నీ కాగితాల మాటలు. మా లాడ్జిలో హూటర్ (అలారం కూత పెట్టేది) ఎప్పుడో తీసేశాం. రాత్రి వాచ్‌మన్ ఉన్నాడు. మా నాన్నగారి కాలం నుంచి ఏమీ జరగలేదు.

చిత్తూరు టెక్నీషియన్:

అన్నా, సికింద్రాబాద్‌లో 2022 సెప్టెంబర్‌లో మంటలు పుట్టింది లాడ్జి గదుల్లో కాదు, కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు పెట్టిన చోట. పొగ మెట్ల గుండా పైకెక్కి ఎనిమిది మంది పోయారు. 2023 జూన్‌లో మన గోవిందరాజస్వామి గుడి పక్కన పటాల దుకాణం మంటలు మీ గాంధీ రోడ్డుకు ఎంత దూరం? మీ వాచ్‌మన్ ఒక్కడు ఎన్ని తలుపులు తట్టగలడు?

ఇంగ్లండ్‌లో ఉన్న శ్రీకాళహస్తి వాసి:

ఇక్కడ ఫైర్ అలారాల బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5839 మొదటి భాగం 2025లో కొత్త కూర్పుగా వచ్చింది. అది మీకు వర్తించదు, కానీ అందులో ఒక మార్పు మీకు పనికొస్తుంది. పడుకునే గదుల్లో వేడిని పట్టే డిటెక్టర్ ఇక సరిపోదన్నారు. ఆవిరి గొడవ తప్పించడానికి గదుల్లో హీట్ డిటెక్టర్లు పెడదామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అవి సాధారణంగా 57 డిగ్రీల దగ్గర మేల్కొంటాయి, మనిషికి ఊపిరాడని స్థితి అంతకు ముందే వస్తుంది. ఇంకొకటి, ప్యానెల్ పక్కన జోన్ల పటం అంటించండి. మనుషులు నిద్రించే భవనంలో ఆ పటం లేకపోవడాన్ని ఇక్కడ ఇక మినహాయింపుగా కూడా ఒప్పుకోరు. వారానికొక కాల్ పాయింట్ (మంట చూసినవారు చేత్తో నొక్కే గోడ మీది అలారం పెట్టె) చొప్పున, ప్రతిసారీ వేరేది నొక్కి చూడడం మాకు అలవాటు.

తిరుపతి లాడ్జి మేనేజర్:

రాత్రి పదకొండుకు 305లో డిటెక్టర్ ఊడదీశాను. పసుపు దీపం వెలగలేదు. ప్యానెల్ తెరిచి చూస్తే మూడో జోన్ టెర్మినళ్లకే రెసిస్టర్ ఉంది, పైన నల్లటి టేపు కూడా చుట్టారు. ఈ ఉదయం ఎలక్ట్రీషియన్‌తో వెతికిస్తే, నిరుడు ఏసీ బిగించినప్పుడు 302 గోడలో తీగ కోసేశారని తేలింది. ఏడాదిగా ఆ అంతస్తులో ఎంతమంది పడుకుని లేచారో లెక్కవేయబోయి మానేశాను.

లడ్డూ కవర్లు పదకొండు దొరికాయి. దిండు దగ్గర ఫోన్లో కొలిస్తే 58 వచ్చింది. గదిగదికీ సౌండర్ (అలారం మోగించే పరికరం) అడగాలి, మళ్లీ మజ్జిగ తప్పదు. బ్యాటరీల పరీక్షకు 24 గంటలు అన్నారు కదా, అంతసేపూ మనిషిని గస్తీ పెట్టాలా?

చిత్తూరు టెక్నీషియన్:

పెట్టాలి, అంతస్తంతస్తూ తిరగాలి. ఆపేది ప్యానెల్ సప్లై మాత్రమే, భవనం మెయిన్ కాదు. శనివారం మాత్రం పెట్టుకోకండి, మీ ఊళ్లో ఆ రోజు ఒక్క గదీ ఖాళీగా ఉండదు. మంగళవారం చూసుకోండి.