గోవర్ ద్వీపకల్పం (వేల్స్): అమ్మానాన్నలతో రెండు రోజులు, వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

కావ్య_స్వాన్సీ:
నేను స్వాన్సీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. సెప్టెంబర్‌లో అమ్మానాన్న వస్తున్నారు. లండన్ ఎలాగూ చూస్తారు, నాకు మాత్రం వాళ్ళకు గోవర్ చూపించాలని ఉంది. నాన్నకు నడకంటే ఇష్టం, పాత కట్టడాలంటే ప్రాణం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, అయినా సముద్రం కనబడితే చాలు. కారు లేదు, బస్సే. వర్మ్స్ హెడ్‌కి (నీళ్ళు తగ్గినప్పుడు నడిచి వెళ్ళగలిగే దీవి) ఇద్దరినీ తీసుకెళ్ళచ్చా?

నడకదారి:
కావ్య గారూ, బస్సు టైము కంటే ముందు ఆటుపోట్ల టైము చూడండి. గోవర్‌లో ఏ రోజు ఏం చూడాలో సముద్రమే చెబుతుంది. వర్మ్స్ హెడ్‌కి వెళ్ళే రాళ్ళదారి నీళ్ళు బాగా తగ్గిన సమయానికి రెండున్నర గంటల ముందు తేలుతుంది, ఆ తర్వాత రెండున్నర గంటలకు మళ్ళీ మునుగుతుంది. ఐదు గంటలంటే చాలా ఎక్కువనిపిస్తుంది. కానీ అది దారి కాదు, ఎత్తుపల్లాల బండలు. నత్తగుల్లలు అతుక్కుని ఒకటి గరుకుగా ఉంటే, దాని పక్కదే నాచుతో సబ్బులా జారుతుంది.

మేము నలుగురం అవతల ఫొటోలు దిగుతూ టైము మర్చిపోయాం. తిరిగి వచ్చేసరికి బండల మధ్య నీళ్ళు పిక్కల దాకా వచ్చేశాయి. ఇంకో పావుగంట ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమే. ఒకవేళ చిక్కుకుపోతే ఈదుకుంటూ రావాలని చూడకండి. అవతలే ఉండిపోయి, 999కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్‌ని అడగండి. అమ్మగారిని మాత్రం ఆ బండల మీదికి తీసుకెళ్ళొద్దు, దయచేసి.

సముద్రపు_పిల్ల:
అమ్మ కోసం దిగులు పడకు కావ్యా. రోసిలీ ఊళ్ళో బస్సు దిగి కొండ అంచున ఉన్న కోస్ట్‌వాచ్ (తీరాన్ని కాపలా కాసేవాళ్ళ) గది దాకా నడిస్తే చాలు, దారి దాదాపు చదునుగా ఉంటుంది. అక్కడి నుంచి వర్మ్స్ హెడ్ మొత్తం కనిపిస్తుంది. పాత భాషలో 'వర్మ్' అంటే మహాసర్పం. తల ఎత్తి సముద్రంలోకి పోతున్న పాములా ఎందుకుందో చూడగానే అమ్మకే తెలుస్తుంది. ఆ రోజు దారి ఎప్పటిదాకా తెరిచి ఉంటుందో కూడా అక్కడ రాసి పెడతారు.

కింద బీచ్ దాదాపు 5 కిలోమీటర్లు. దిగే దారి బాగా ఏటవాలు, అమ్మకు కర్ర ఉంటే మంచిది. నీళ్ళు తగ్గినప్పుడు హెల్వెషియా ఓడ చూడండి. కలప తెస్తున్న నార్వే ఓడ, 1887 నవంబరులో తుఫాను దాన్ని ఇక్కడికి తెచ్చి పడేసింది. ఇప్పుడు మిగిలింది ఇసుకలోంచి పొడుచుకొచ్చిన ఓక్ చెక్క పక్కటెముకలే.

రాళ్ళూరప్పలూ:
నాన్నగారి కోసం రెండు మాటలు. గోవర్‌లోని పావిలండ్ గుహలో 1823లో విలియం బక్లండ్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడికి ఎర్ర కావి పూసిన అస్థిపంజరం దొరికింది. పక్కన దంతపు ఆభరణాలుంటే రోమన్ల కాలపు స్త్రీ అనుకున్నాడు. 'రెడ్ లేడీ' అనే పేరు అలా నిలిచిపోయింది. తీరా చూస్తే అతనొక యువకుడు, సుమారు 33,000 ఏళ్ళ నాటివాడు! అప్పట్లో అక్కడ సముద్రమే లేదు, గుహ ముందంతా మైదానం. ఆ మనిషిని ఎవరో ప్రేమగా సాగనంపారన్న సంగతి నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది. గుహలోకి మాత్రం వెళ్ళకండి, దారి ప్రమాదం. ఎముకలు ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంలో ఉన్నాయి.

దానికి బదులు కెవెన్ బ్రిన్ గుట్ట మీద ఆర్థర్స్ స్టోన్ చూపించండి. కొత్త రాతియుగపు సమాధి, పైబండ ఒక్కటే పాతిక టన్నులంటారు. చుట్టూ గుర్రాలు మేస్తుంటాయి.

బ్రిస్టల్_బుజ్జి:
సర్ఫింగ్ నేర్చుకోవాలంటే లాన్‌గెనిత్ బీచ్. త్రీ క్లిఫ్స్ బే చాలా అందంగా ఉంటుంది కానీ అక్కడ ప్రవాహం సముద్రంలోకి బలంగా లాగుతుంది, ఈతకు దిగొద్దు. ఇంకోటి, స్వాన్సీ మార్కెట్‌లో పెన్‌క్లౌద్ అనే ఊరి కాకిల్స్ (తినే చిన్న గుల్లలు) దొరుకుతాయి. ఒకప్పుడు ఆ ఊరి ఆడవాళ్ళు గాడిదలతో ఇసుక మేటల మీదికి వెళ్ళి ఏరి తెచ్చేవారట. లేవర్‌బ్రెడ్ కూడా రుచి చూడండి. పేరుకే బ్రెడ్, నిజానికి సముద్రపు నాచును గంటలకొద్దీ ఉడికించిన నల్లటి ముద్ద.

కావ్య_స్వాన్సీ:
వెళ్ళొచ్చాం! అందరికీ ఎంత థాంక్స్ చెప్పినా చాలదు. వర్మ్స్ హెడ్‌కి నేనూ నాన్నా వెళ్ళి, గడువుకు గంట ముందే వెనక్కి వచ్చేశాం. అమ్మ పైన గడ్డిలో కూర్చుని మా ఇద్దరినీ కళ్ళతోనే కాపలా కాసింది. తర్వాత ముగ్గురం అక్కడే ఉండి, రెండు వైపుల నుంచీ నీళ్ళు వచ్చి ఆ దారి మీద కలుసుకోవడం చూశాం. ఇందాక మేము కూర్చున్న బండ కూడా మునిగిపోయింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు అమ్మ మెల్లగా బీచ్‌కి కూడా దిగింది. ఓడ చెక్కల మొదట్లో ఇసుక గుంటపడి నీళ్ళు నిలిచి ఉన్నాయి. అమ్మ ఒక చెక్కను అరచేత్తో నిమిరి, "ఇంకా గట్టిగానే ఉందే" అంది.

వాళ్ళ ఫ్లైట్ శుక్రవారం. నాన్న ఇప్పుడు వెబ్లీ కోట అంటున్నారు, కింద ఉప్పునీటి చిత్తడి నేలలో గొర్రెలు మేస్తాయని ఎక్కడో చదివారట. బస్సు దిగాక ఎంత దూరం నడవాలో ఎవరైనా చెప్తారా?