కొత్త ఎక్స్3డి తెచ్చుకున్న, హైదరాబాద్ ఎండల ఓవర్‌క్లాక్ చేయొచ్చా?

ఉప్పల్_రిగ్:
మొన్న శనివారం సికింద్రాబాద్‌ల కంప్యూటర్ సామాన్లమ్మే సీటీసీకి పోయి ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 7 9800ఎక్స్3డి తెచ్చుకున్న. దీనికోసం రెండేండ్ల సంది పైసలు జమ చేసిన. దీనికి ముందటి 5800ఎక్స్3డి, 7800ఎక్స్3డి రెండిట్ల మల్టిప్లయర్ (వేగం పెంచే గుణకం) లాక్ ఉండె, దీనికి లేదు, ఓవర్‌క్లాక్ చేసి వేగం పెంచుకోవచ్చు. గేమ్‌ల 5.2 గిగాహెర్ట్జ్ కాడ నిలబడుతుంది, 5.4 దాకా తీస్కపోవాలని ఉంది. చిప్ మీద ఉన్నది రెండు టవర్ల ఎయిర్ కూలర్. రూము స్లాబ్ కిందనే, ఏసీ లేదు. చేసినోళ్లు ఉంటే చెప్పుండ్రి అన్నా.

కూకట్‌పల్లి_కోర్:
మంచి చిప్ కొన్నారు బ్రో. ఆ లాక్ ఎందుకు తీశారో ముందు చూడండి. పాత రెండింటిలో అదనపు క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన మెమరీ) ముక్క కోర్ల నెత్తిన ఉండేది. కోర్ల వేడి దాన్ని దాటుకుని పైకి రావాలి. 2024 నవంబరులో వచ్చిన మీ చిప్‌లో క్యాష్‌ను కిందికి మార్చారు, కోర్లు కూలర్‌కు దగ్గరయ్యాయి. అందుకే 7800ఎక్స్3డి బేస్ (కనీస వేగం) 4.2, బూస్ట్ (గరిష్ఠ వేగం) 5.0 గిగాహెర్ట్జ్ అయితే దీనికి 4.7, 5.2 ఇవ్వగలిగారు. అంటే దొరికిన వెసులుబాటులో ఎక్కువ భాగం ఫ్యాక్టరీలోనే వాడేశారు. మీకు మిగిలింది ఇంకో 200 మెగాహెర్ట్జ్, నాలుగు శాతం లోపు. 1440పీ రిజల్యూషన్‌లో ఆడితే గ్రాఫిక్స్ కార్డే ముందు అలసిపోతుంది, ఆ తేడా కంటికి ఆనదు.

పార్క్‌లేన్_పాతకాపు:
లెక్క నిజమే, ఒప్పుకోడానికి మనసు రావట్లేదు. 1998 నాటి సెలెరాన్ 300ఎ నా మొదటి చిప్. మదర్‌బోర్డు బస్ వేగం 66 నుంచి 100కి మార్చగానే 300 మెగాహెర్ట్జ్ కాస్తా 450 అయ్యింది. పైస్థాయి చిప్ కొనే స్తోమత లేనివాడికి అది పండగ. తర్వాత 2011లో ఇంటెల్ ఐ5 2500కె, 3.3 గిగాహెర్ట్జ్ నుంచి 4.5కి తీసుకెళ్లి ఏడేళ్లు వాడాను. వోల్టేజీ అంటే ఏమిటో ఏ కోచింగులోనూ నేర్చుకోలేదు, ఆ బయోస్ (మదర్‌బోర్డు సెట్టింగుల) స్క్రీన్ ముందే నేర్చుకున్నాను. అందుకే తమ్ముడూ, ఒక్కసారైనా 5.4 పెట్టి చూడు. కాకపోతే ఇది గుర్తుంచుకో: వోల్టేజీ పది శాతం పెంచితే కోర్ల వేడి ఇరవై ఒక్క శాతం పెరుగుతుంది, ఫ్రీక్వెన్సీ పెంచిన బరువు దానిమీద అదనం. డిసెంబరులో నీ గది 25 డిగ్రీలుంటే మేలో 38. ఏ ఎయిర్ కూలరూ గదిని మించి చల్లబరచలేదు, ఆ పదమూడూ నేరుగా చిప్ మీదే పడతాయి.

మణికొండ_ఎడిట్:
నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, వాడేది ఇంటెల్ కోర్ అల్ట్రా 7 265కె. 2024 అక్టోబరులో వచ్చినప్పుడు గేమ్‌లలో ఇంటెల్ వారి పాత 14వ తరం కంటే వెనకబడిందని చాలామంది పెదవి విరిచారు. నా పనికి ఆ 20 కోర్లు చక్కగా సరిపోయాయి. కిందటి మేలో పెద్ద కోర్ల వేగం పెంచి చూశాను. 31 నిమిషాల ఎక్స్‌పోర్ట్ 30కి వచ్చింది, ఫ్యాన్ల హోరుకి మాత్రం పక్క గదిలో పాప నిద్ర లేచింది. వెంటనే తీసేశాను. ఇంటెల్ ఇచ్చే 200ఎస్ బూస్ట్ అనే సెట్టింగ్ మాత్రం ఉంచాను. అది మెమరీని, చిప్ లోపలి లింకులను వేగంగా నడుపుతుంది, వారంటీ పోదు. ముహూర్తాల రోజుల్లో మిషన్ ఆగితే పార్టీకి నేనేం చెప్పను?

మౌలాలి_మైనస్20:
ఉప్పల్ భయ్యా, 5.4 కంటే ముందు బయోస్‌లో కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగ్ చూడండి. అదే ఫ్రీక్వెన్సీకి ఇచ్చే వోల్టేజీని తగ్గిస్తుంది, మైనస్ అంకె ఎంత పెద్దదైతే అంత తగ్గింపు. వేడి తగ్గితే చిప్ తనంతట తానే బూస్ట్‌ను ఎక్కువసేపు పట్టుకుంటుంది. చాలామంది ఒకేసారి మైనస్ 30 పెట్టి, సినీబెంచ్ (చిప్‌ను కష్టపెట్టే పరీక్ష ప్రోగ్రాం) అరగంట పాసైంది కాబట్టి అయిపోయిందనుకుంటారు. నేనూ అదే చేశాను. రెండు రోజుల తర్వాత రాత్రి ఉత్త బ్రౌజర్ తెరిచి ఉండగా రీస్టార్ట్ అయ్యింది. అన్ని కోర్లూ కష్టపడేటప్పుడు ఫ్రీక్వెన్సీ దిగుతుంది, అసలు పరీక్ష ఒక్క కోరే పైదాకా ఎగిరినప్పుడు. అందుకే కోర్‌సైక్లర్ అనే టూల్‌తో ఒక్కో కోర్‌ను విడిగా రాత్రంతా నడపాలి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వియా (WHEA, హార్డ్‌వేర్ లోపం) ఎర్రర్ ఒక్కటి కనిపించినా ఆ కోర్‌కు నాలుగైదు అంకెలు వెనక్కి రావాలి. నావి ఆరు కోర్లు మైనస్ 20 దగ్గర, రెండు మైనస్ 12 దగ్గర నిలిచాయి. ఆ అంకెలు మీ చిప్‌కు పనిచేయవు, మీవి మీరే వెతుక్కోవాలి. ఇంకోటి, బయోస్ అప్‌డేట్ యూపీఎస్ లేకుండా చేయొద్దు. గాలివాన మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు.

కూకట్‌పల్లి_కోర్:
మెమరీకి ఎక్స్‌పో (కిట్ మీద రాసిన వేగంతో నడిపే బయోస్ సెట్టింగ్) ఆన్ చేశారా? డీడీఆర్5 6000 కిట్ కొని 4800 దగ్గర నడుపుతున్నవాళ్లను చాలామందిని చూశాను. మీకు క్యాష్ 96 మెగాబైట్లు కాబట్టి మామూలు రైజెన్ అంత లాభం రాదు, అయినా డబ్బు పెట్టిన వేగం వాడుకోవాలి కదా.

ఉప్పల్_రిగ్:
ఎక్స్‌పో ఆన్ చేయలే అన్నా! ఇప్పుడు చేసిన. నాలుగు రాత్రులు కోర్‌సైక్లర్ నడిపిన. ఏడు కోర్లు మైనస్ 20, ఒకటి మైనస్ 10. సినీబెంచ్‌ల 86 డిగ్రీలుండె, 77కు దిగింది. పాతకాపు అన్న చెప్పిండని 5.4 గూడ పెట్టి చూసిన, నడిచింది, శాన సంబురమైంది. గని మళ్ల 84కు పోయింది, గేమ్‌ల ఏం తేడా తెల్వలే. ఇప్పుడు 5.2 మీదనే ఉంచిన. మే నెలల పగటి మూడింటికి కిటికీలు మూసి మళ్లొకసారి నడిపి నంబర్లు ఈడ పెడ్త.