ప్రధాన యాజకుడి వస్త్రాల్లో ప్రతి రంగూ, ప్రతి గంటా క్రీస్తుకు సాదృశ్యమేనా?

సండేస్కూల్_టీచరమ్మ

అందరికీ వందనాలు. మా సంఘంలో పది, పన్నెండేళ్ల పిల్లలకు సండే స్కూల్ చెప్తాను. పోయిన ఆదివారం పాఠం బైబిల్లో నిర్గమకాండము 28, ఇశ్రాయేలీయుల మొదటి ప్రధాన యాజకుడు అహరోను వస్త్రాలు. గోడకు చార్ట్ తగిలించి, నా చిన్నప్పుడు నాకు ఎలా నేర్పారో అలాగే చెప్పుకుంటూ పోయాను. నీలం పరలోకం, ధూమ్రం రాజరికం, ఎరుపు క్రీస్తు రక్తం, తెల్లని నార పాపం లేని జీవితం, బంగారం దైవత్వం. దానిమ్మపండ్లు ఆత్మ ఫలాలు, గంటలు సువార్త ధ్వని. ఆఖర్న, యాజకుడు అతిపరిశుద్ధ స్థలంలో, అంటే అన్నిటికంటే లోపలి గదిలో, చనిపోతే బయటికి లాగడానికి కాలికి తాడు కట్టేవారని, గంటల చప్పుడు ఆగిపోతే లాగేసేవారని చెప్పాను. పిల్లలకు ఆ ముక్క అంటే ప్రాణం.

ఒక అబ్బాయి చెయ్యెత్తి, "ఆ తాడు ఏ వచనంలో ఉంది టీచర్?" అన్నాడు. వచ్చే వారం చూపిస్తా కూర్చో అన్నాను. ఇంటికొచ్చి 28, 39 అధ్యాయాలు చదివాను, లేవీయకాండము 16 చదివాను. తాడు లేదు. అంతకంటే ఇబ్బంది, రంగుల అర్థాలు కూడా లేవు. ఇన్నాళ్లూ నేను చెప్పింది వాక్యమా, చార్టా? తెలిసినవాళ్లు చెప్పండి, ఆదివారం దగ్గర పడుతోంది.

గలిలయ_తీరం

వందనాలు సిస్టర్. మీరు టెన్షన్ పడకండి, మీరు చెప్పింది వాక్యమే. ధర్మశాస్త్రం రాబోయే మేలుల ఛాయ అని హెబ్రీ 10:1 అంటోంది. ఛాయ ఇక్కడ, నిజస్వరూపం క్రీస్తులో అని కొలొస్సయి 2:17 అంటోంది. తిరిగి లేచాక ఎమ్మాయు అనే ఊరి దారిలో ప్రభువు మోషే మొదలుకొని తన గురించిన సంగతులన్నీ వివరించాడు. దేవుడు ఒక్కో గంటా లెక్కపెట్టి, ఒక్కో దారం రంగు చెప్పి కుట్టించాడంటే ఊరికే కుట్టించాడా? కళ్లున్నవాడికి ప్రతి పోగులోనూ క్రీస్తే కనబడతాడు.

పాఠకుడు_39

బ్రదర్, "ఒక్కో గంటా లెక్కపెట్టి" అన్నారు. నిర్గమకాండములో గంటల లెక్కే లేదు, ఇంకోసారి చూడండి. అంచు చుట్టూ ఒక గంట, ఒక దానిమ్మ, మళ్లీ ఒక గంట అని మాత్రమే ఉంది.

లెక్క లేనిచోట జనం ఏం చేశారో చూస్తే ఈ చర్చకు సగం జవాబు దొరుకుతుంది. రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత, ట్రైఫో అనే యూదుడితో వాదిస్తూ, అంగీకి 12 గంటలున్నాయని, అవి 12 మంది అపొస్తలులకు గుర్తని రాశాడు. ఆ తర్వాత అలెగ్జాండ్రియా క్లెమెంటు వాటిని 360 చేశాడు, సంవత్సరంలో రోజులన్నమాట. యూదు రబ్బీల చర్చల గ్రంథమైన తల్మూదులో 72 అని ఒక మాట, 36 అని ఇంకో మాట. అర్థం ముందు తయారైంది, గంటలు తర్వాత మోగాయి. మన చార్టులూ అలాగే తయారయ్యాయేమో అని నా అనుమానం.

ఇంకో సంగతి. క్రీస్తును ప్రధాన యాజకుడిగా చూపించడానికి పత్రిక మొత్తం రాసిన హెబ్రీ గ్రంథకర్త ఆయన వస్త్రాల ఊసే ఎత్తలేదు. ఏఫోదు (భుజాల మీద నిలిచే పై వస్త్రం) లేదు, పతకం (రొమ్ము మీద పన్నెండు రాళ్లుండేది) లేదు, గంటలు లేవు. తొమ్మిదో అధ్యాయంలో దీపస్తంభం, బల్ల, మందసం, కెరూబుల దాకా వచ్చి, వీటి గురించి ఇప్పుడు వివరంగా చెప్పడం కుదరదని ఆగిపోయాడు. ఆయన ఆగినచోట మనం ఆగలేకపోతున్నాం.

తాడు సంగతి: అది బైబిల్లో లేదు, తల్మూదులో లేదు. జోహర్ అనే యూదుల మార్మిక గ్రంథంలో కనబడుతుంది. అది వెలుగులోకి వచ్చింది 13వ శతాబ్దపు స్పెయిన్‌లో, అంటే ఆలయం కూలిన పన్నెండు వందల ఏళ్లకు. దానికీ మించి, ఏడాదికొకసారి అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లే రోజున అహరోను ఏం వేసుకోవాలో లేవీయకాండము 16:4 చెబుతుంది: సన్ననార చొక్కాయి, లాగులు, దట్టీ, పాగా. అంతే. గంటలున్న నీలపు నిలువుటంగీ ఆ జాబితాలో లేదు. గంటలే లేనప్పుడు చప్పుడు ఆగేదెక్కడ, తాడు లాగేదెక్కడ?

ఉషోదయం

అయ్యో, ఆ తాడు మీద మా అయ్యగారు ఉపవాస కూడికలో గంటసేపు మెసేజ్ ఇచ్చారు. అందరం ఏడ్చాం కూడా 🙈

మగ్గం_మనిషి

నేను క్రైస్తవుణ్ణి కాదు. మా ఆవిడ చర్చికి వెళ్తుంది, ఆమె బైబిలు ఇంట్లో ఉంది. మాది చీరాల వైపు, చేనేత కుటుంబం. రంగుల మాట వచ్చింది కాబట్టి ఆ అధ్యాయం తీసి చదివాను. మతం సంగతి మీరు చూసుకోండి, బట్ట సంగతి నేను చెప్తా.

"నీల ధూమ్ర రక్తవర్ణములుగల నూలు" అని ఉంది. మా దగ్గర నూలంటే పత్తి నూలే. ఇక్కడది ఉన్ని అయ్యుండాలి. నార అంటే అవిసె నార. నారకు రంగు పట్టించడం పెద్ద తలనొప్పి, ఉన్నికైతే ఇట్టే పడుతుంది. ధూమ్రమంటే పొగ రంగు అనిపిస్తుంది కానీ అసలుది మేం వంకాయ రంగు అంటామే, ఆ జాతి అనుకుంటా. టీచరమ్మా, మీ చార్టులో ఏ రంగేశారు?

నాకు నచ్చింది 39వ అధ్యాయం. బంగారాన్ని రేకులుగా కొట్టి, తీగలుగా కత్తిరించి, దారాల్లో కలిపి నేశారట. జరీ అన్నమాట! ఇప్పటి అసలైన జరీలో పట్టు దారం చుట్టూ వెండి తీగ చుట్టి పైన బంగారు పూత వేస్తారు. వాళ్లది ఉత్త బంగారం. ఆ బట్ట బరువు, ఆ గరుకుదనం ఊహించుకుంటేనే భుజాలు లాగేస్తున్నాయి. రాసినవాడు మగ్గం చూసినవాడే. నిలువుటంగీ మెడ దగ్గర చినగకుండా చుట్టూ నేత గోటు పెట్టమన్నాడు. తల దూర్చే బట్ట ముందు చినిగేది అక్కడే.

పాఠకుడు_39

అన్నా, భలే పట్టుకున్నారు. ఉన్ని అనే యూదుల సంప్రదాయం కూడా అంటుంది. మామూలు ఇశ్రాయేలీయుడు ఉన్నీ నారా కలిపిన బట్ట కట్టకూడదు (ద్వితీయోపదేశకాండము 22:11). యాజకుడి బట్టలో ఆ రెండూ కలిశాయి. ఊళ్లో వాళ్లకు కూడనిది గుడారంలో వాడారంటే, "ఈ బట్ట ఈ లోకానిది కాదు" అని చూడగానే తెలిసేదన్నమాట. ఇశ్రాయేలు దక్షిణాన తిమ్నా లోయలో దాదాపు క్రీ.పూ. 1000 నాటి ధూమ్రవర్ణపు ఉన్ని పీలికలు దొరికాయని 2021లో ప్రకటించారు. సముద్రపు గుల్లల నుంచి తీసిన రంగు, ఇన్ని వేల ఏళ్లయినా పోలేదు.

అసలు సంగతి ఎరుపు దగ్గరుంది. మన తెలుగు బైబిల్లో "రక్తవర్ణము" అని ఉంది. వినగానే సిలువ రక్తం గుర్తొస్తుంది, బోధకుడు శ్రమపడక్కర్లేదు. కానీ హెబ్రీలో ఆ మాట "తోలాత్ షానీ". తోలా అంటే పురుగు. సింధూర వృక్షాల మీద బతికే చిన్న పురుగును ఎండబెట్టి నూరి తీసే ఎరుపు అది. అక్కడ రక్తమనే మాటే లేదు. మన అనువాదకులు తెలుగులో అందమైన మాట వేశారు, దాని మీద మనం సిద్ధాంతం కట్టుకున్నాం. నుదుటి బంగారు రేకు కూడా చూడండి. తెలుగులో "యెహోవా పరిశుద్ధుడు" అని చెక్కమన్నట్టుంది. హెబ్రీలో "యెహోవాకు పరిశుద్ధం", అంటే ఆయనకు ప్రత్యేకించినది. ఒకటి దేవుడి గురించి చెప్పే మాట, ఇంకోటి ఆ రేకు కట్టుకున్న మనిషి గురించి.

గలిలయ_తీరం

పురుగన్నారు కాబట్టి సరే, పురుగు మీదే మాట్లాడదాం. 22వ కీర్తన ప్రభువు సిలువ మీద పలికిన కీర్తన. ఆరో వచనంలో "నేను నరుడను కాను, నేను పురుగును" అని ఉంది. హెబ్రీలో అదే తోలా! మీరు రక్తం తీసేస్తే పురుగులో నుంచి కూడా ఆయనే బయటికొచ్చాడు. ఇప్పుడేమంటారు?

పాఠకుడు_39

మాట అదే, ఒప్పుకుంటాను. కానీ అన్నా, నిర్గమకాండము 16:20లో దాచుకున్న మన్నాకు (ఎడారిలో దేవుడిచ్చిన ఆహారం) పట్టిన పురుగులకూ అదే మాట. అవి కూడా సాదృశ్యమేనా?

ఉషోదయం

😂😂 క్షమించండి అయ్యగారూ, నవ్వాగలేదు

ఎక్స్_సెమినరీ

ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. ఈ బట్టలకు అర్థాలు వెతకడం క్రైస్తవులు మొదలుపెట్టింది కాదు. యూదు చరిత్రకారుడు జోసీఫసు క్రీ.శ. 37లో పుట్టాడు, తనే యాజక కుటుంబం వాడు, ఆలయం నిలిచి ఉన్న రోజులు చూశాడు. ఆయన లెక్కలో నార భూమి, ఎందుకంటే నేలలో మొలుస్తుంది. ధూమ్రం సముద్రం, ఎందుకంటే గుల్లల నుంచి వస్తుంది. నీలం గాలి, ఎరుపు నిప్పు. దానిమ్మలు మెరుపులు, గంటల మోత ఉరుములు. పన్నెండు రాళ్లు పన్నెండు నెలలు, లేదా రాశులు. యాజకుడు లోకం మొత్తాన్ని ఒంటిమీద వేసుకుని దేవుడి ముందు నిలబడతాడన్నమాట. అలెగ్జాండ్రియా యూదు తత్వవేత్త ఫిలో కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు.

తల్మూదుది ఇంకో దారి. ఒక్కో వస్త్రం ఒక్కో పాపానికి ప్రాయశ్చిత్తం. చొక్కాయి హత్యకు, పాగా గర్వానికి, పతకం తప్పుడు తీర్పుకు, ఏఫోదు విగ్రహారాధనకు. గంటలున్న అంగీ చాడీలకు! చప్పుడు చేసే పాపానికి చప్పుడు చేసే బట్ట. నిజం చెప్పాలంటే ఈ మొత్తం చర్చలో నాకు బాగా నచ్చిన వ్యాఖ్యానం ఇదే.

కాబట్టి "ఎరుపంటే నిప్పు" అనే యాజకుడికీ "ఎరుపంటే రక్తం" అనే మన చార్టుకూ మధ్య తీర్పు చెప్పే వచనం ఏదీ లేదు. గలిలయ అన్నా, మీ వాదన రంగుల మీద కట్టకండి, కూలిపోతుంది. గట్టి చోటు వేరే ఉంది.

గలిలయ_తీరం

గట్టి చోటు నాకు తెలియక కాదు తమ్ముడూ. ప్రకటన 1:13లో యోహాను చూసిన ప్రభువుకు పాదాల దాకా దిగే వస్త్రం, రొమ్ముకు బంగారు దట్టి. ఆ వస్త్రానికి గ్రీకులో వాడిన మాట "పొదేరేస్". గ్రీకు పాత నిబంధనలో అహరోను అంగీకి వాడిందీ అదే. ఇది నేను అల్లింది కాదు, యోహాను చూపించాడు. జెకర్యా మూడో అధ్యాయంలో ప్రధాన యాజకుడు యెహోషువ మురికి బట్టలతో నిలబడతాడు, దేవుడు అవి తీయించి మంచివి తొడిగిస్తాడు, వెంటనే "చిగురు" అనే సేవకుణ్ణి రప్పిస్తానంటాడు. యెహోషువ, యేసు ఒకే పేరు. బట్టలు సూచన అని పాత నిబంధనే అంటోంది.

ఇంకా, ప్రధాన యాజకుడు బట్టలు చింపుకోకూడదని లేవీయకాండము 21:10. యేసును విచారించిన ప్రధాన యాజకుడు కయప ప్రభువు ముందు చింపుకున్నాడు. ఆ రాత్రితో లేవీ యాజకత్వం చినిగిపోయింది.

ఎక్స్_సెమినరీ

ప్రకటన, జెకర్యా రెండూ ఒప్పుకున్నా. కయప దగ్గర మాత్రం ఒక్క నిమిషం. ఆ రోజుల్లో ప్రధాన యాజకుడి ప్రతిష్ఠిత వస్త్రాలు రోమా వాళ్ల చేతిలో, అంటోనియా కోటలో తాళం వేసి ఉండేవి. పండగలకు మాత్రమే బయటికి ఇచ్చి మళ్లీ లోపల పెట్టేవారు. పిలాతును తప్పించిన తర్వాత సిరియాలోని రోమా అధిపతి విటెల్లియసు వాటిని యూదులకు తిరిగి అప్పగించాడని జోసీఫసే రాశాడు. పండక్కి ఇచ్చినా అవి ఆలయ సేవకే. కాబట్టి ఆ రాత్రి ఇంట్లో కయప చింపుకున్నది తన మామూలు బట్టలే అయ్యుండాలి. దేవుడి కోసం కుట్టిన బట్టలు పరాయి సైన్యం పెట్టెలో ఉన్నాయన్న విషయం మాత్రం ఏ మెసేజ్‌లోనూ నేను వినలేదు. నాకైతే చింపడం కంటే ఇదే ఎక్కువ బాధగా ఉంటుంది.

మోడరేటర్

రెండు కామెంట్లు తీసేశాం. బోధకుల పేర్లు, సంఘాల పేర్లు రాయొద్దు.

పాఠకుడు_39

గలిలయ అన్నకు న్యాయం చేయాలి. సాదృశ్యమే లేదని నేనూ అనను. అధ్యాయం తనంతట తానే అర్థం చెప్పిన చోట్లున్నాయి, మనం వాటిని దాటేసి రంగుల్లోకి దూకుతున్నాం. 28:12 చూడండి. రెండు భుజాల మీద రెండు రాళ్లు, ఒక్కోదాని మీద ఆరేసి గోత్రాల పేర్లు, అహరోను ఆ పేర్లు మోయాలి. 28:29లో అవే పేర్లు పతకంలో హృదయం మీద. 28:38లో నుదుటి రేకుతో జనం అర్పణల్లోని దోషాన్ని భరించాలి. మోయడం, గుండె మీద పెట్టుకోవడం, దోషం భరించడం. ఇక్కడి నుంచి హెబ్రీ 7:25లోని విజ్ఞాపనకు వెళ్తే నేను అడ్డం రాను. ఆ దారి వాక్యమే వేసింది. దానిమ్మ ఏ ఫలమో తేల్చకపోతే నష్టమేం లేదు.

గలిలయ_తీరం

ఇంతసేపు వాదించి చివరికి నా మాటే చెప్పారు. కానీ పిల్లలకు రంగులు కావాలి బ్రదర్. వాళ్లు వచనం కంటే ముందు రంగు చూస్తారు.

మగ్గం_మనిషి

పతకం కొలత జేనెడు పొడుగు, జేనెడు వెడల్పు, రెండు మడతలు. పిల్లల చేత అట్టతో చేయించండి టీచరమ్మా. రంగు దారాలు కావాలంటే అడ్రస్ మెసేజ్ చేయండి, పోగులు పంపిస్తా. బంగారం మాత్రం అడగొద్దు.

సండేస్కూల్_టీచరమ్మ

అందరికీ థాంక్స్. అన్నయ్యా, మా చార్టులో ధూమ్రానికి గులాబీ రంగేశారు, ఇప్పుడే చూశాను 🤦🏽‍♀️

జేనెడు అట్టలు కత్తిరించాను. ఒక్కో అట్ట మీద పన్నెండు గళ్లు. క్లాసులో పద్నాలుగు మంది పిల్లలు, గోత్రాలు పన్నెండే, ఆ లెక్క ఎలా సర్దాలో చూడాలి. రంగుల అర్థాలు "పెద్దవాళ్లు ఇలా అనుకున్నారు" అని చెప్తాను, చాడీలకు గంటలు కూడా కలిపి. తాడు ఏ వచనంలోనూ లేదని ముందే చెప్పేస్తాను. చార్టులో మాత్రం తాడు బొమ్మ ఉంది, దాని మీద తెల్ల కాగితం అంటించాను.

ఆ అబ్బాయి క్లాసు అవ్వకముందే అది పీకి చూస్తాడు. నాకు తెలుసు.