క్వాలిస్ 2.4 డీజిల్ ఇంజనుకు టర్బో పెట్టాలంటే ఏ సైజు తీసుకోవాలి?

అనంతగిరి దారి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా ఇంట్లో 2003 నాటి టయోటా క్వాలిస్ ఉంది. ఇంజను 2ఎల్ రకం, 2446 సీసీ, టర్బో (ఇంజను పొగ బలంతో తిరిగి, లోపలికి గాలిని నొక్కి పంపే పరికరం) లేనిది, కంప్యూటరు లేని మెకానికల్ డీజిల్ పంపుతో నడిచేది. ఇప్పటికి 3 లక్షల 10 వేల కిలోమీటర్లు తిరిగింది. చదునైన రోడ్డు మీద బండికి వంక పెట్టలేను. కానీ ఏడుగురం ఎక్కి, ఏసీ వేసుకుని, శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం రెండో గేరు నుంచి కదలనివ్వదు. బండి మా నాన్నగారు కొన్నది కాబట్టి అమ్మే ఉద్దేశం లేదు. టర్బో కోసం అడిగితే పాత సామాన్ల దుకాణంలో రెండు చూపించారు. ఒకటి దాదాపు 4 లీటర్ల చిన్న లారీ ఇంజనుది, రెండోది 2.5 లీటర్ల ఇన్నోవాది. పెద్దది పెడితేనే పికప్ బాగుంటుందని దుకాణదారు అంటున్నారు. అది నిజమేనా?

పంపుషాపు:
నిజం కాదండీ. టర్బోను ఎంచుకోవలసింది మీ ఇంజను నిమిషానికి ఎంత గాలి పీలుస్తుందో లెక్క కట్టి. ఆ లెక్క చేతితోనే వేయవచ్చు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సీసీ మేరకు గాలి తీసుకుంటుంది కాబట్టి, 4000 ఆర్‌పీఎం దగ్గర మీది నిమిషానికి 4,892 లీటర్లు పీల్చాలి. సిలిండర్లు పూర్తిగా నిండవు కనుక 85 శాతం వేసుకుంటే దాదాపు 4,160 లీటర్లు. మన ఎండలో, 35 డిగ్రీల దగ్గర, ఘనపు మీటరు గాలి బరువు సుమారు 1.15 కిలోలు. అంటే టర్బో లేకుండా నిమిషానికి 4.8 కిలోల గాలి.

ఇప్పుడు అర బార్ బూస్ట్, అంటే బయటి గాలి పీడనానికి పైన మరో సగం, ఇచ్చారనుకోండి. పీడనం ఒకటిన్నర రెట్లవుతుంది గానీ, నొక్కిన గాలి 90 డిగ్రీల దాకా వేడెక్కి వ్యాకోచిస్తుంది కాబట్టి, దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ లేకపోతే లోపలికి చేరే గాలి బరువు 1.27 రెట్లే పెరుగుతుంది. 4000 దగ్గర సుమారు 6 కిలోలు, మీరు ఘాట్‌లో ఉండే 2000 దగ్గర 3 కిలోలు. చాలా టర్బోలకు తయారీదారు కంప్రెసర్ మ్యాప్, అంటే ఎంత గాలికి, ఎంత పీడనానికి అది బాగా పనిచేస్తుందో చూపే పటం, ఇస్తారు. ఈ రెండు బిందువులూ ఆ మ్యాప్‌లో సర్జ్ గీతకు (దానికి ఎడమవైపు పడితే గాలి వెనక్కి తన్నుతుంది) కుడివైపున, సామర్థ్యం ఎక్కువగా ఉన్న వలయాలకు దగ్గరగా పడాలి. లారీ టర్బోకు మీ 3 కిలోల గాలి ఏ మూలకూ చాలదు. పొగతో తిరిగే దాని చక్రం, అంటే టర్బైన్, తిరగడం మొదలయ్యేసరికి మీరు మలుపు దాటి గేరు దించేసి ఉంటారు.

ఇన్నోవాది సైజులో దగ్గరగానే ఉంటుంది. కానీ పక్కన వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటితే పొగను పక్కకు వదిలే తలుపు) డబ్బా ఉన్న సాదా రకమైతేనే తీసుకోండి. లోపలి రెక్కలు కదిలే రకాన్ని నడిపించేది కంప్యూటరు, మీ బండిలో అది లేదు. ఇదే ఇంజనుకు టయోటావారే టర్బో పెట్టి 2ఎల్-టి పేరుతో విదేశాల్లో అమ్మారు, దాని మీద ఉన్నది సీటీ20. దొరికితే కొలతకు అంతకంటే మంచి ఆధారం లేదు.

ఇంకొక మాట. టర్బో గాలిని మాత్రమే ఇస్తుంది, శక్తి వచ్చేది డీజిల్ నుంచే. మీ పంపుకు బూస్ట్‌ను బట్టి డీజిల్ పెంచే డయాఫ్రం లేదు. ఊరికే స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే, బూస్ట్ రాని కింది ఆర్‌పీఎంలో నల్లపొగ తప్ప ఏమీ రాదు.

జీపు పాతది:
పైన చెప్పినది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. మా పాత జీపుకు ఒక షాపులో పెద్ద టర్బో బిగించారు. 2800 దాటేదాకా బూస్ట్ ముల్లు లేచేది కాదు, లేచాక ఒక్కసారిగా తన్నేది. డీజిల్ అప్పటికే పెంచి ఉండడంతో వేడి హద్దు మీరి మూడో పిస్టన్ తల అంచు కరిగింది. కాబట్టి టర్బైన్ ముందు మానిఫోల్డ్‌లో ఉష్ణోగ్రత మీటరు పెట్టించండి, ఎక్కుడులో 700 డిగ్రీలు దాటనివ్వకండి.

పాత టర్బో కొనేటప్పుడు ఇరుసు కొనను రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. పైకీ కిందికీ కొద్దిగా కదిలితే భయం లేదు, ఆ బేరింగులు ఆయిల్ మీద తేలేవి. లోపలికీ బయటికీ కదులుతున్నట్టు చేతికి తెలిసినా, రెక్కల అంచులు గోడకు రాసుకున్న మెరుపు కనిపించినా అక్కడే వదిలేయండి.

ఆయిల్ గీత:
టర్బో నుంచి ఆయిల్ తిరిగి వచ్చే గొట్టం లావుగా, ఎక్కడా వంపు తిరిగి పైకి లేవకుండా, సంపులోని (ఇంజను అడుగు తొట్టిలోని) ఆయిల్ మట్టానికి పైన కలవాలి. అది పంపు బలంతో కాదు, తన బరువుతోనే దిగుతుంది. ఈ ఒక్కటి తప్పితే కొత్త టర్బో కూడా సీళ్లలోంచి ఆయిల్ కక్కుతుంది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. మీ బండి ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లవలసినదే కనుక, సామాను కొనకముందే ఆర్టీవో కార్యాలయంలో రాతపూర్వకంగా అడగడం మంచిది.

అనంతగిరి దారి:
అందరికీ కృతజ్ఞతలు. లారీ టర్బో వద్దని చెప్పేశాను. నిన్న కంప్రెషన్ (సిలిండరులో గాలి ఎంత గట్టిగా నొక్కబడుతుందో) చూపించాను. మొదటి మూడు సిలిండర్లలో చదరపు సెంటీమీటరుకు 29, 28, 29 కిలోలు, నాలుగో దానిలో 22 వచ్చింది. దీనితో ముందుకు వెళ్లవచ్చా?

పంపుషాపు:
వెళ్లకండి. సిలిండర్ల మధ్య తేడా 5 దాటకూడదు, మీకు 7 ఉంది. నాలుగో దానిలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులో బోరో అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో గ్యాస్కెట్టో. హెడ్డు (సిలిండర్ల పైమూత) దింపితే వాల్వు సీట్ల మధ్య సన్నని పగులు ఉందేమో రంగుమందు పూసి చూపించమనండి. 2ఎల్-టి ఇంజన్లు ఎక్కువగా దెబ్బతిన్నది హెడ్డు పగుళ్లతోనే. ఇప్పుడే పగులు మొదలై ఉంటే బూస్ట్‌కు అది ఆగదు. డీజిల్ చిమ్మే నాజిళ్లు కూడా ఈ విడతలోనే పరీక్ష చేయించండి. నాలుగూ సమంగా వచ్చాక, ఘాట్‌లో ఒకసారి టర్బో లేకుండానే ఎక్కించి చూసి రాయండి.